బోర్డు మీద లేని మాట

రెండేళ్లపాటు నా క్లినిక్ బోర్డు మీద 'తాగుడు, మత్తు అలవాట్లకు చికిత్స' అన్న లైను ఉండేది. కొత్తగూడలో, బొటానికల్ గార్డెన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒక గల్లీ. కింద మందుల షాపు, మొదటి అంతస్తులో నేను, పైన ఆడపిల్లల హాస్టల్. ఒక ఆదివారం కాలనీ అసోసియేషన్ వాళ్లు నలుగురు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. "మీ మీద మాకేం లేదు డాక్టరుగారూ. పిల్లలు ఆడుకునేచోట తాగుబోతులు తిరుగుతుంటే ఎట్లా?" ఇంటి ఓనరు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. వారం తిరక్కుండా ఆ లైను చెరిపించి 'నిద్ర, ఆందోళన, నరాల బలహీనత' అని రాయించాను. చివరిది ఓనరు సలహా. చదివినప్పుడల్లా నాకే సిగ్గేసేది.

వాళ్ల భయాన్ని నేను తీసిపారేయను. ఊరవతల మనిషిని లోపల పడేసి తాళం వేసే 'సెంటర్ల' గురించి విన్నవాళ్లకు ఇదీ అలాంటిదే అనిపిస్తుంది. కానీ నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా షిఫ్టు ముగించుకుని, ఐడీ కార్డు జేబులో దోపుకుని, రాత్రి తొమ్మిదిన్నరకు మెట్లెక్కే కుర్రాళ్లు. నిండా టీ పోసిన గ్లాసు చేతికిస్తాను. ఎంత తొణికిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. బాగా అలవాటైనవాడు తాగడం ఆపిన ఆరేడు గంటలకే వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే. మూడోరోజుకు కొందరికి గోడలమీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది. ఆ వారం గట్టెక్కించడం ఒక ఎత్తు, తర్వాత ఏడాది, రెండేళ్లు మళ్లీ మళ్లీ రప్పించడం ఒక ఎత్తు. దూరమైతే రెండోసారి రారు. 2019లో వచ్చిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఇళ్ల మధ్య ఇలాంటిది నడపలేమనీ కాదు: తాగుడువల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో మొదలుపెట్టిన సంస్థకు చెందిన ఆస్పత్రి అక్కడి ఇందిరానగర్‌లో ఇళ్ల మధ్యే నడుస్తోంది.

బోర్డు మార్చిన మూడు నెలలకు పాలమూరు నుంచి వచ్చిన కూలీ ఒకామె భర్తను వెంటబెట్టుకుని మా గల్లీకి వచ్చింది. అతనికి కల్లు అలవాటు. కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజిపాం లాంటి మత్తుమందులు కలుపుతారు. అవి ఒంటికి పట్టాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అతను ఆపి మూడు రోజులైంది. ఆమె పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగింది. వాచ్‌మన్ నా బోర్డు చదివి, "కల్లు మానిపించే డాక్టరు ఇక్కడ లేడమ్మా, ఇది నిద్ర డాక్టరు" అన్నాడట.

చివరికి మందుల షాపు కుర్రాడు వాళ్లను పైకి తీసుకొస్తుంటే మెట్ల మీదే ఫిట్స్ వచ్చాయి. నేను వెళ్లేసరికి తువ్వాలంతా నెత్తురు, నాలుక కొరుక్కున్నాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నరానికి ఇంజక్షన్ ఇచ్చి, 108లో ఆస్పత్రికి పంపాను.

అతను బతికాడు. రెండు వారాలకోసారి సోమవారం వస్తున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె అడిగింది: "గల్లీ రెండుసార్ల తిరిగిన సారూ. బోర్డు మీద రాయరాదా?" ఓనరు పేరు చెప్పబోయి ఊరుకున్నాను. రాయించింది నేనే కదా.

ప్రస్తుతానికి మందుల షాపు కుర్రాడే నా బోర్డు. మెట్ల దగ్గర ఎవరైనా తచ్చాడుతుంటే, ఏమీ అడక్కుండానే "పైనే అన్నా" అని చెయ్యి చూపిస్తాడు.