ముప్పావలా నొప్పి

రాత్రి ఒంటిగంటన్నరకి ఫోను మోగింది.

"డాట్రు బాబూ, మాయమ్మ అరుపు ఆగట్లేదు. పెద్ద డాట్రు పొద్దున్నొస్తాడు, అందాకా ఓర్సుకోమంతన్నారు ఇక్కడోళ్ళు. ఏటి సెయ్యమంతారు?"

వాళ్ళది శ్రీకాకుళం తీరంలో చేపలు పట్టే ఊరు. ఆవిడ చిన్న వయసు నుంచీ చుట్ట తాగేది, అదీ నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని. మా వైపు దాన్ని అడ్డపొగ అంటారు. అలా అయితే గాలికి చుట్ట ఆరిపోదని ఓసారి నాతో చెప్పింది. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళకి అంగిలి కేన్సర్ రావడానికి ఈ అలవాటు పెద్ద కారణం. ఆవిడకీ అక్కడే మొదలై, దవడ ఎముకలోకి దిగి, మెడ గ్రంథులకి పాకింది. రేడియేషన్ అయ్యాక, ఇంక చేసేదేమీ లేదని పెద్దాసుపత్రి వాళ్ళు పంపేశాక, ఆఖరి రోజుల్లో చూసుకునే ఫలానా హాస్పిస్‌లో చేర్చమని చెప్పింది నేనే.

ఆ చోటు చూడ్డానికి ఎంతో బాగుంటుంది. ప్రారంభోత్సవానికి పిలిస్తే వెళ్ళాను. తెల్లటి గోడలు, తులసికోట, ప్రతి మంచం పక్కనా తోటలోకి తెరుచుకునే కిటికీ. నేను చూసింది అదే. మీ దగ్గర మార్ఫిన్ ఉందా అని ఒక్క మాట అడగలేదు. అక్కడ మార్ఫిన్ లేదు. ఆ రాత్రి ఆవిడకి పడింది ఒక ట్రమడాల్, ఒక డైక్లోఫెనాక్ సూది. ఎముక తినేస్తున్న కేన్సరుకి అవి ఏ మూలకి? అంబులెన్సు పంపించి, మా ఆసుపత్రికి తెప్పించి, మార్ఫిన్ మొదలుపెట్టేసరికి ఉదయం తొమ్మిదయింది. ఏడున్నర గంటలు. ఆ కొడుకు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటినుంచి నాకొక అలవాటయింది. ఎవరినైనా హాస్పిస్‌కి పంపేముందు నేనే వెళ్ళి చూస్తాను. మొదట అడిగేది మార్ఫిన్ మాత్రలు ఉన్నాయా అని. రెండోది, బీరువా తాళం రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుందని. ఈ రెండో ప్రశ్నకి చాలామంది తడబడతారు. మందు ఉంటుంది, తాళంచెవి మేనేజరు గారి ఇంట్లో ఉంటుంది. కేన్సర్ నొప్పికి ఆఫీసు వేళలు తెలియవు.

మార్ఫిన్ దొరక్కపోవడం వెనక పెద్ద కథే ఉంది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దుర్వినియోగాన్ని ఆపబోయి, ఆసుపత్రుల్లోంచి కూడా ఈ మందుని దాదాపు తరిమేసింది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పద్ధతి, ఒక్క సీసా తెప్పించుకోవడానికి అన్నేసి లైసెన్సులు. మందుల షాపులు ఆ గొడవే వద్దనుకున్నాయి. ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ రాయడం నేర్చుకోకుండానే చదువు ముగించారు. ఆ తరంలో నేనూ ఉన్నాను. మధ్యప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో ప్రభుత్వ అనుమతితో, మార్ఫిన్ తీసే నల్లమందు పండించి విదేశాలకి పంపే దేశం మనది. మన పల్లెలో మంచాన పడ్డ మనిషికి ఆ మందు అందలేదు. కోళికోడ్‌లో 1993లో డాక్టర్ రాజగోపాల్ గారూ మిత్రులూ నొప్పికి ఉపశమనమిచ్చే పాలియేటివ్ కేర్ మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి పోరాడాక, 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇప్పుడు శిక్షణ పొందిన డాక్టరుండి, ఔషధ నియంత్రణ శాఖ గుర్తింపు తెచ్చుకుంటే చాలు. కాబట్టి "లైసెన్సు వస్తోందండీ" అనే మాట ఈరోజు నాకెవరైనా చెబితే, వాళ్ళు ప్రయత్నించలేదనే అనుకుంటాను.

మందు ఉందని తెలిశాక మందుల చార్టు చూపించమంటాను. ఒక్క పేజీ చాలు. నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ నాలుగు గంటలకోసారి పడాలి. అర్ధరాత్రి లేపక్కర్లేకుండా పడుకునేముందు రెట్టింపు ఇస్తాం. మధ్యలో నొప్పి ఎగదన్నితే వేయాల్సిన డోసు విడిగా రాసి ఉండాలి. ఇవన్నీ ఉన్నా, పక్కనే విరేచనం మందు రాసి లేకపోతే అక్కడే ఆగిపోతాను. మార్ఫిన్ ఇచ్చిన దాదాపు ప్రతి మనిషికీ మలబద్ధకం వస్తుంది. వారం రోజులు కడుపు కదలక, నొప్పి తగ్గినా ఆ అవస్థతో మెలికలు తిరిగిన ముసలాళ్ళని చూశాను. అది రాయని వాళ్ళకి ఈ మందు వాడటం రాదని అర్థం.

ఆ చార్టు ఎలా ఉండాలో నాకు నేర్పింది ఒక నర్సు. విజయనగరం దాటాక ఒక పెంకుటింట్లో పన్నెండు మంచాలతో నడిచే చోటు అది. నేను వెళ్ళేసరికి ఆమె ఒక మామ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. నొప్పి పదికి ఎంత అని మేం అడుగుతాం కదా, పుస్తకాల్లో ఉన్నట్టు. పల్లెటూరి ముసలాళ్ళు ఆ ప్రశ్నకి నోరు తెరిచి మన మొహంలోకి చూస్తారు. ఈ సిస్టరు అలా అడగలేదు.

"మామ్మా, రూపాయంతా నొప్పే అనుకో. ఇప్పుడెంత ఉంది?"

మామ్మ కళ్ళు మూసుకుని, లెక్కగట్టినట్టు ఆలోచించి, "ముప్పావలా" అంది.

సిస్టరు చార్టులో అణాల లెక్కన 12 అని రాసి, మాత్ర వేసి, చేతి గడియారం చూసుకుంది. నేను వార్డంతా తిరిగి, టీ తాగి వచ్చేసరికి గంట దాటింది. ఆమె మళ్ళీ అదే స్టూలు మీద ఉంది. "ఇప్పుడో మామ్మా?" "పావలాకి దిగిందమ్మా." 12 పక్కన 4 రాసింది. పేజీలు తిప్పి చూశాను. ప్రతి 12కీ ఎదురుగా ఒక 4 ఉంది, లేదా ఒక 6. ఒక్కచోట మాత్రం 12కి ఎదురుగా 12 ఉంది. దాని కింద రాత్రి రెండుంపావుకి డాక్టరుకి ఫోను చేసినట్టూ, డోసు పెంచినట్టూ, మళ్ళీ మూడుంపావుకి 5 అనీ రాసి ఉంది.

మొదటి అంకె అందరూ రాస్తారు. మందు ఇచ్చాక వెనక్కి వచ్చి రెండో అంకె రాసేవాళ్ళు తక్కువ. నేను ఒక హాస్పిస్ మంచిదో కాదో చెప్పడానికి చూసే వాటిలో దీనికన్నా నమ్మదగింది నాకు ఇంతవరకూ దొరకలేదు. వెనక్కి రావడానికి మనిషి ఉండాలి, ఆ మనిషికి తీరికుండాలి, తగ్గకపోతే ఫోను ఎత్తే డాక్టరు ఉండాలి. ఇవన్నీ ఉంటేనే ఆ గడి నిండుతుంది.

తరవాత వాసన. కేన్సర్ పుండు చెడి వాసన వేస్తుంది, ఆ సిగ్గుతో మనిషి కన్నవాళ్ళని కూడా దగ్గరికి రానివ్వడు. వార్డులోకి అడుగుపెట్టగానే అగరొత్తుల ఘాటు కొడితే నాకు అనుమానం వస్తుంది. పెంకుటింట్లో మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి, ఆ పొడి పుండు మీద చల్లి కట్టు కడుతున్నారు. రెండు మూడు రోజుల్లో వాసన విరుగుతుంది. ఖర్చు రూపాయల్లోనే.

అక్కడే ఒక లారీ డ్రైవరు ఉండేవాడు, నలభై అయిదేళ్ళవాడు. వెన్నుపూసకి పాకి కాళ్ళు పడిపోయాయి. పగలు నాలుగణాలనే మనిషి రాత్రయ్యేసరికి పద్నాలుగణాలనేవాడు. డోసులు పెంచినా రాత్రి లెక్క మారలేదు. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరవాత సోషల్ వర్కరు, ఆ తరవాతే డాక్టరు. ఒంట్లో నొప్పి, మనసులో దిగులు, ఇంట్లో అప్పు, దేవుడి మీద కోపం కలిసే ఒక నొప్పి అవుతాయని ఆమె చెప్పింది. ఈ డ్రైవరు నొప్పీ అలాంటిదే. అతనికి లారీ మీద ఫైనాన్సు బాకీ ఉంది. తను పోతే పెళ్ళాం మెడ మీదికి వస్తారని భయం. ఆ సంస్థ నుంచి ఒకతను ఫైనాన్సు కంపెనీకి రెండుసార్లు తిరిగి, బండి వాళ్ళకి అప్పగించి, బాకీ లేదని కాగితం రాయించుకొచ్చాడు. ఆ కాగితం తలగడ కింద పెట్టుకున్నాక రాత్రుళ్ళు ఆరణాలకి దిగింది. అందుకే, డాక్టరూ నర్సూ కాక ఇంకెవరున్నారని కూడా అడుగుతాను.

సెలైన్ సంగతి చెప్పాలి. మా మాస్టారొకాయన పాంక్రియాస్ కేన్సర్‌తో ఆ పెంకుటింట్లోనే ఆఖరి రోజుల్లో ఉన్నారు, మింగడం మానేశారు. కూతురు నా చెయ్యి పట్టుకుని, "గుక్కెడు నీళ్ళైనా లేకుండా మా నాన్నని పంపించేస్తారా డాక్టరుగారూ" అని ఏడ్చింది. ఆ దశలో సెలైన్ ఎక్కిస్తే ఒళ్ళు వాస్తుంది, గొంతులో గురక పెరుగుతుంది, దాహం మాత్రం తీరదు. ఈ ముక్క చెప్పి వెళ్ళిపోయే చోట్లు చూశాను. కూతుళ్ళ కన్నీళ్ళకి లొంగి రోజుకి మూడు బాటిళ్ళెక్కించి బిల్లు వేసే చోట్లూ చూశాను. పెంకుటింటి సిస్టరు ఆ అమ్మాయిని మంచం మీద కూర్చోబెట్టి, వేలికి గాజుగుడ్డ చుట్టుకోవడం నేర్పింది. తడిపి పెదాలు తుడవాలి, నాలుక కింద తడపాలి, తరవాత పెదాలకి వాసెలిన్ రాయాలి, గంటకోసారి. "తులసి తీర్థం పట్టొచ్చా?" అనడిగింది అమ్మాయి. "చుక్క చుక్కగా, తల పక్కకి తిప్పి పట్టమ్మా." రెండు రోజులు ఆ పని ఆమే చేసింది. మాస్టారు పోయినప్పుడు నోరు శుభ్రంగా, తడిగా ఉంది. నోరు చూస్తే ఆ మనిషిని ఎలా చూసుకున్నారో తెలిసిపోతుంది.

మాస్టారి అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. చేర్చేముందు ఫోనులో గదుల గురించి, ఏసీ గురించి, రేటింగుల గురించి అడిగాడు. కోపం రాలేదు, అంత దూరాన ఉన్నవాడికి ఇంకేం కనిపిస్తుంది? అమెరికాలో హాస్పిస్ సేవ ఎక్కువగా ఇంటికే వస్తుంది, 1982లో చేసిన చట్టంతో ఖర్చు ప్రభుత్వ బీమా మెడికేర్ భరిస్తుంది. మనిషి పోయిన కొన్ని నెలలకి ఇంట్లోవాళ్ళకి ఒక ప్రశ్నపత్రం వెళుతుంది. రాత్రుళ్ళు, సెలవురోజుల్లో సాయం అందిందా అని అందులో అడుగుతారు. జవాబుల లెక్కలు అందరికీ కనిపించేలా పెడతారు. మన దగ్గర అలాంటిది ఇంకా అలవాటు కాలేదు. తెలంగాణలో ప్రభుత్వమే జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టి, 'ఆలన' వాహనాలతో ఇళ్ళకి వెళ్ళే ఏర్పాటు చేసింది. అలాంటివి పెరిగేకొద్దీ పోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి అడగడం కూడా పనిలో భాగం కావాలని నా కోరిక. మాస్టారి పెద్దకర్మ అయ్యాక ఆ సిస్టరు కూతురికి ఫోను చేసి, నిద్ర పడుతోందా అని అడిగిందట. ఏ నిబంధనా లేకుండానే.

అంగిలి కేన్సర్‌తో వచ్చిన ఆవిడ మా ఆసుపత్రిలో పదకొండు రోజులు బతికింది, నొప్పి లేకుండా. రెండేళ్ళ తరవాత కొడుకు మళ్ళీ వచ్చాడు. ఈసారి వాళ్ళ చిన్నమ్మకి, అదే రోగం.

"బాబూ, ఈపాలి ఏటడగాలో మీరు సెప్పండి, నానే ఎల్లి అడుగుతాను" అన్నాడు. చెప్పాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, ఒకసారి నాకు అప్పజెప్పి, బస్సెక్కాడు. సాయంత్రం పెంకుటింటి నుంచి ఫోను.

"మందు ఉందంట బాబూ. తాలంసెవి రాత్రి సిస్టరమ్మ నడుముకే ఉంటాదంట. ఇరేసనం మందూ రాత్తారంట."

"చార్టు చూశావా?"

"నాకు సదువు రాదు కదా బాబూ. సిస్టరమ్మని సదివి ఇనిపించమన్నాను. ఇదిగో, సదువుతంది."

ఫోను బల్ల మీద పెట్టినట్టున్నాడు. దూరంగా ఆమె గొంతు వినిపించింది. "పది గంటలకి ముప్పావలా, పదకొండుకి పావలా. రెండు గంటలకి అర్ధ, మూడుకి బేడ..."