ఫిడేలుకు ప్రాణం... ఓ చిన్న పుల్ల!

సూర్యలంక సముద్రపు గాలి మనకు హాయిగా ఉంటుంది. ఫిడేలుకు మాత్రం ప్రాణసంకటం! అక్కడికి 9 కిలోమీటర్ల దూరంలోని బాపట్లలోనూ ఆ చెమ్మ వదిలిపెట్టదు. కొయ్య ఉబ్బుతుంది. బిరడాలు బిగుసుకుపోతాయి. నిన్న కుదిరిన శృతి ఇవాళ కుదరదు. సాధనకు కూర్చున్న పిల్లలు 'ఫిడేలు పాడైపోయింది' అంటూ బిక్కమొహం వేస్తారు. పెద్దాళ్లేమో పటకారు అందుకుంటారు. అసలు ముప్పు అక్కడే!

పాపం... ఫిడేలు చలిదేశాల బిడ్డ. పైపలక స్ప్రూస్ కొయ్య. అడుగుపలక, పక్కలు, మెడ మేపుల్. పదహారో శతాబ్దంలో ఇటలీలోని క్రెమోనాలో ఆండ్రియా అమాటి దానికో రూపం తెచ్చాడు. అదే ఊరివాడు స్ట్రాడివరి (1644-1737) శిఖరానికి చేర్చాడు. 1800 ప్రాంతంలో, పెద్ద సభల్లో చివరి వరసకూ వినిపించేలా మెడను కాస్త పొడిగించి వెనక్కి వంచారు. ఇవాళ మనం చూసే వయొలిన్ అదే. స్ట్రాడివరి చేసినవాటిలోనూ చాలావాటికి ఆ తర్వాత మెడ మార్చారు మరి!

లోపలికి తొంగిచూస్తే ఇంకో వింత. తీగలు ఆనే గుర్రానికి ఓ కాలి వెనకగా, రెండు పలకల మధ్య సన్నటి పుల్ల నిలబడి ఉంటుంది. జిగురు లేదు, మేకు లేదు. తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. నాదం గుర్రం మీంచి దిగి ఈ పుల్ల గుండా అడుగుపలకకు చేరుతుంది. ఇటలీవాళ్లు దీన్ని 'అనిమా' అంటారు. అంటే ప్రాణం! నాలుగు తీగలూ ఒక్కసారే విప్పితే అది పడిపోవచ్చు. అలా పడ్డాక తీగలు బిగిస్తే పైపలకే పగలొచ్చు. అందుకే తీగలు మార్చాలంటే ఒక్కొక్కటిగానే.

అతుకులదీ చిత్రమే. తోళ్లు ఉడికించి తీసిన జిగురును కావాలనే మరీ గట్టిగా కాకుండా వాడతారు. కొయ్య ఉబ్బినా కుంచించుకున్నా పలక పగలకుండా అతుకే విడిపోతుంది. తిరిగి అతికించుకోవచ్చు. అక్కడ బజారులో దొరికే గట్టి జిగురు పూస్తే ఆ దారి మూసుకున్నట్టే.

ఈ పరాయి వాద్యాన్ని మద్రాసులో ఓ ఐరోపావాసి దగ్గర నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చింది ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్. మనవాళ్లు కొయ్య జోలికి పోలేదు. నేలమీద కూర్చుని పాదానికి ఆనించారు. తీగల్ని స-ప-స-పలకు శృతి చేశారు. అంతే! పక్కవాద్యంగా ఉన్నదాన్ని ద్వారం వెంకటస్వామి నాయుడు సొంతంగా కచేరీ చేసే స్థాయికి తెచ్చారు. 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖలో పెరిగి, 1936లో విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపల్ అయ్యారు. చూపు అంతంతే. జనం నోట మాత్రం 'ఫిడేలు నాయుడు'. సముద్రం ఒడ్డున పెరిగిన ఆయనకు ఉప్పుగాలి కొత్తేం కాదు.

బిరడా బిగిస్తే బలం చూపకండి. పొడిగుడ్డతో తుడిచి, మూతపెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఓ రోజు ఆగండి. అప్పటికీ కదలకపోతే బాగుచేసేవాళ్ల దగ్గరికే. సూర్యలంక షికారుకెళ్తూ ఎండలో కారులో మాత్రం వదలొద్దు... జిగురు కరుగుతుంది!