వన్ బై టూ కవిత్వం

సినిమా పాట రాసేవాడు తన కథ రాసుకోడండీ! దర్శకుడు సన్నివేశం చెబుతాడు, సంగీత దర్శకుడు బాణీ ఇస్తాడు. ఇంకెవరి ప్రేమో, ఇంకెవరి దుఃఖమో, మరొకరి గొంతులో పలికేలా రాయాలి. కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లిలో పుట్టిన వేటూరి దగ్గర్నించి, 2023లో 'నాటు నాటు'కి ఆస్కార్ అందుకున్న చంద్రబోస్ దాకా అందరూ చేసిన పని ఇదే.

ఈ ముక్క పాఠంగా చెబితే కుర్రకారు ఆవలిస్తారు. అందుకే నేను కాఫీతో చెప్పాను.

ఆ 2023 వేసవిలోనే నూజివీడు దగ్గర ఒక మామిడి తోటలో మూడు రోజులు కవిత్వం వర్క్‌షాపు నడిపాను. (కృష్ణా జిల్లా నూజివీడు అనడం మన నాలుకకి అలవాటు గానీ, 2022 నించీ అది ఏలూరు జిల్లా!) 18 మంది కాలేజీ పిల్లలు. నెత్తిమీద రసాలు వేలాడుతున్నాయి. మా దగ్గరున్న డబ్బుకి మాత్రం పూటకి తొమ్మిది కాఫీలే వచ్చేవి. ఇంకేం, వన్ బై టూ! ఇద్దరిద్దరిని జతచేసి ఒక షరతు పెట్టాను. కాఫీ తాగుతూ ఒకరు తమ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి, రెండోవాళ్లు దాన్ని రాయాలి.

ముందు చప్పట్లతో ఛందస్సు నేర్పాను. గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. 'బంగినపల్లి' అనండి... తకధిమి తకిట, ఏడు మాత్రలు! 'నూజివీడు' అంటే రెండు హగణాలు, ఆటవెలదిలో ఎక్కడ పెడదామా అన్నట్టుంటుంది. "మరి కాఫీ, మాస్టారూ?" అన్నాడొకడు. కాఫీ అంటే రెండు గురువులు. ఆటవెలదిలో అది ఒక్కటే ఒక గణం కాలేదు. పక్కన ఒక లఘువు చేరి 'కాఫీని' అయితే తగణం, ఇంద్రగణాల్లో కూర్చుంటుంది. "అంటే కాఫీకి కూడా తోడుండాలన్నమాట!" అని ఒకమ్మాయి అనేసరికి తోటంతా నవ్వులు.

ఆ అమ్మాయే మర్నాడు తన జతగాడికి ఇంటి సంగతి చెప్పింది. పూత నిలవక, నిలిచిన కాయకి ధర రాక, వాళ్ల నాన్న మామిడి తోట కొట్టించి పామాయిల్ మొక్కలు వేద్దామనుకుంటున్నాడట. కుర్రాడికి సినిమాల పిచ్చి. గబగబా రాసేశాడు. అందులో తండ్రి చెట్టుని కావలించుకుని భోరుమన్నాడు, ఉరుము ఉరిమింది, వాన కూడా కురిసింది!

చదువుతుంటే ఆ పిల్ల గ్లాసు కింద పెట్టేసింది.

"మా నాన్న ఏడవలేదు. సాయంత్రం పూట తోటంతా తిరిగి చెట్లు లెక్కపెట్టాడు, అంతే. ఎన్నున్నాయో ఆయనకి ఎప్పట్నించో తెలుసు."

ఎవరూ మాట్లాడలేదు. కుర్రాడు రాసిందంతా కొట్టేశాడు. "సారీ, మళ్లీ చెప్పవా?" అన్నాడు. ఈసారి చెప్పిందంతా విన్నాడు. వాడి సగం కాఫీ చల్లారిపోయింది. చివరికి ఒక్క పాదం తేలింది: నాన్న చెట్లు లెక్కపెట్టినాడు. చప్పట్లు కొట్టి చూడండి, ఐదూ హగణాలే! ఆటవెలది రెండో పాదానికి సరిపోతుంది. యతి మాత్రం కుదరలేదు. యతి కోసం ఆ నాన్నచేత ఇంకో పని చేయించడానికి వాడు ఒప్పుకోలేదు. నేనూ పట్టుబట్టలేదు.

'నాటు నాటు' 90 శాతం ఒక్క పూటలో వచ్చేసిందనీ, మిగతా పది శాతానికి 19 నెలలు పట్టిందనీ చంద్రబోసే చెప్పారు. మా కుర్రాడికి ఆ పాదం కోసం రెండు పూటలు పట్టింది. అది ఒక మనిషిని సరిగ్గా వినడానికి పట్టిన టైము.

కవిత రాస్తే తోట నిలిచిందా అంటారేమో. నిలవలేదు. ఆ వానాకాలంలోనే కొట్టేశారు. ఆ కాగితం మాత్రం వాళ్లింట్లో ఉంది. కూతురు చదివి వినిపిస్తే ఆ తండ్రి, "రాసిన పిల్లాడు మనూరి వాడేనా?" అని అడిగాడట. కాదు, వాడు మామిడి కాయని బజార్లో తప్ప చూడని బస్తీ కుర్రాడు! ఇంతకన్నా పెద్ద బహుమతి ఏ పోటీలో ఇస్తారు, చెప్పండి?

మీలో పాటలు రాయాలని ఉబలాటపడే వాళ్లు చాలామందే ఉంటారు. ఒక కాఫీ తెప్పించుకోండి. ఒక్కరే తాగెయ్యకండి. ఎదుటివాళ్ల కథ రాసి, ముందుగా వాళ్లకే చదివి వినిపించండి. "ఇలా కాదు" అన్నారనుకోండి, నొచ్చుకోకండి. పాట అక్కడే మొదలవుతుంది.