1.20 అంటే ఎంత? పెద్దమ్మ అడిగిన లెక్క

పోస్టు కొంచెం పెద్దదే. కోడింగ్ నేర్చుకునేవాళ్లు, దాని జోలికి పోనివాళ్లు ఇద్దరూ చదవాలని రాస్తున్నాం.

మేం నలుగురం, ఏటూరునాగారం వైపు కోయ పిల్లలం. నలుగురికీ కలిపి ఒకటే ల్యాప్‌టాప్. మొన్న సెలవుల్లో ఊరి కోసం ఒక చిన్న పేజీ చేద్దామనుకున్నాం. పోడు పట్టా కాగితాలు మన ఇళ్లల్లో ఎక్కడుంటాయో మీకు తెలుసు. ట్రంకు పెట్టెలో బట్టల కింద, లేకపోతే చూరులో. వానకు తడుస్తాయి, చెదలు తింటాయి. ఎవరికి ఎంత భూమి ఉందో ఒకచోట రాసి పెట్టుకుంటే చాలు, గంతే మా ఆలోచన.

ఇప్పుడు కోడ్ అంతా చేత్తో రాసే పని లేదు. ఏఐ ఏజెంట్‌కు పని చెప్తే అదే రాసిపెడుతుంది. స్క్రీన్ మీద కనిపించే బటన్, పేరు రాసే గడి, పట్టిక, క్యాలెండర్ లాంటి ముక్కలను కాంపోనెంట్లు అంటారు. ఏజెంట్ వాటిని ప్రతిసారీ కొత్తగా రాయకుండా, ఎవరో ముందే చేసిపెట్టిన వాటిలో వెతుక్కోవడానికి సెర్చ్ టూల్స్ వచ్చాయి. 2024 నవంబర్‌లో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ వచ్చాక ఇది సులువైంది. ఏజెంట్‌కూ బయటి టూల్‌కూ మధ్య అదొక ఉమ్మడి భాష అనుకోండి. షాడ్‌సీఎన్ యూఐ అనే కాంపోనెంట్ల సేకరణకు కూడా అలాంటి సర్వర్ ఉంది. ఏజెంట్ తనకేం కావాలో అడుగుతుంది. రిజిస్ట్రీలో ప్రతి కాంపోనెంట్‌కూ ఒక పేరు ఉంటుంది, చిన్న వివరణ కూడా రాసిపెట్టొచ్చు. అడిగిన మాటను వాటితో పోల్చి టూల్ జాబితా ఇస్తుంది. ఏజెంట్ అందులో ఒకటి ఎంచుకుని, దాని కోడ్‌ను మన ఫోల్డర్‌లోకే తెస్తుంది. తర్వాత దాన్ని మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు.

మేం "భూమి వివరాలు రాసే ఫారం కావాలి" అన్నాం. కాసేపట్లోనే తయారైంది. చూడ్డానికి పెద్ద కంపెనీ వెబ్‌సైట్ లాగే ఉంది. మురిసిపోయాం. నెట్ ఆపేసి, ల్యాప్‌టాప్ పట్టుకుని మా పెద్దమ్మ దగ్గరికి పోయాం.

ఆమెకు రెండు ముక్కల భూమి ఉంది. కాగితం మీద ఒకటి 1.20, ఇంకొకటి 1.30. రెండూ కొట్టాం. కింద మొత్తం 2.50 అని వచ్చింది. "రెండున్నర ఎకరాలు పెద్దమ్మా" అని చదివి వినిపించాం.

పెద్దమ్మకు చదువు రాదు. వేళ్ల మీద లెక్కపెట్టి మా మొహం చూసింది. "మూడెకరాల పది గుంటలు కదరా బిడ్డా. ముప్పై గుంటలు ఎవరు మింగిన్రు?"

అప్పుడు వెలిగింది మాకు. మన దగ్గర కాగితం మీద 1.20 అంటే ఎకరం ఇరవై గుంటలు. 40 గుంటలైతే ఎకరం. అంటే ఎకరంన్నర. మేం తెచ్చిన గడికి అది ఉత్త దశాంశం. ముప్పావు ఎకరం మాయమైంది, అదీ ఏ ఎర్రర్ చూపించకుండా. చింతూరు వైపు మా చుట్టాల లెక్క ఇంకో రకం. ఆంధ్రలో సెంట్లు, ఎకరానికి 100. అక్కడ 1.20 అంటే ఎకరం ఇరవై సెంట్లే. గోదావరికి ఈ పక్క ఒక లెక్క, ఆ పక్క ఒక లెక్క.

ఇంకోటి. ఫారంలో యజమాని పేరుకు ఒకటే గడి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లైనవాళ్లకు హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి. ఒక్క గడి పెడితే ఎవరి పేరు రాస్తారు? పెద్దమ్మ కూడా అదే అడిగింది: "మీ పెదనాయన పేరే ఉంది, నాదేదిరా?"

తప్పు టూల్‌ది కాదు. అది ఉన్నవాటిలో వెతికి ఇచ్చింది. గుంటల లెక్క తెలిసిన గడిని అందులో ఎవరూ చేసి పెట్టలేదేమో. చూసుకోకుండా ఊళ్లోకి పట్టుకుపోయిన తప్పు మాది.

తర్వాత మేమే ఒక కాంపోనెంట్ చేశాం. ఎకరాలకు ఒక గడి, గుంటలో సెంట్లో అడిగి దానికొక గడి. గుంటల్లో 39 దాటితే ఒప్పుకోదు. భార్యాభర్తల పేర్లకు రెండు గడులు పక్కపక్కనే, ఒకే సైజులో. దీన్ని మా సొంత రిజిస్ట్రీలో పెట్టి మళ్లీ ఏజెంట్‌ను అడిగాం. దొరకలేదు! చూస్తే, దానికి "బాక్స్ 2" అని పేరు పెట్టి, వివరణ ఖాళీగా వదిలేశాం. "ఎకరం, గుంట, సెంటు, పోడు పట్టా, ఉమ్మడి హక్కు" అని తెలుగులో, ఇంగ్లీషులో వివరణ రాశాక మళ్లీ అడిగితే మొదటి వరుసలో వచ్చింది.

మిత్రులారా, మేం నేర్చుకున్నది ఇదే. రేపు చాలా ఫారాలు ఏజెంట్లే తయారుచేస్తాయి. అవి దొరికినదాన్నే వాడతాయి. మన లెక్క అక్కడ రాసి లేకపోతే అది తప్పని ఎవరూ అనరు, లేనట్టే నడిచిపోతుంది. ముప్పై గుంటలు పోయినట్టు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఊరివాళ్ల పేర్లు, భూమి వివరాలు ఏఐకి ఇవ్వకండి. మేం ఉత్తుత్తి పేర్లతోనే పరీక్షించాం. అసలు వివరాలు మా ల్యాప్‌టాప్ దాటలేదు.

మీ ఊళ్లో భూమిని, గింజలను, అడవి సరుకును ఏ లెక్కలో కొలుస్తారో కామెంట్లో రాయండి. కోడ్ రాకపోయినా పర్లేదు, మీ అవ్వనో తాతనో అడిగి రాయండి. గడి మేం చేస్తాం. వివరణలో మీ ఊరి మాటే పెడతాం.

పెద్దమ్మ మొన్న మళ్లీ చూసింది. 3 ఎకరాల 10 గుంటలు, ఇద్దరి పేర్లు. "ఇప్పుడు సరిపోయింది" అని లోపలికి పోయి చాయ్ పెట్టింది.

జై ఆదివాసీ.