సెల్‌ఫోను దీపానికి రంగు కాగితం

టార్చిలైటు అనే వస్తువు మన ఇళ్లలో దాదాపు కనుమరుగైపోయింది. రెండు బ్యాటరీలో మూడు బ్యాటరీలో వేసుకునే ఆ గొట్టం స్థానాన్ని సెల్‌ఫోను వెనుక ఉండే చిన్న దీపం ఆక్రమించుకున్నది. కరెంటు పోయినా, మంచం కింద చెప్పు వెదకాలన్నా, పిల్లవాడి గొంతులో పుండు చూడాలన్నా అందరి చేయీ ఫోను మీదికే పోతున్నది. "ఈ దీపం రంగు మార్చుకోవచ్చునా డాక్టరుగారూ?" అని ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్నారు. రాత్రివేళ ఆ తెల్లని వెలుగు కళ్లలో గుచ్చుకుంటున్నదని పెద్దవాళ్లు అడుగుతారు. ఎర్ర వెలుగైతే నిద్ర చెడదట, నిజమేనా అని బాలింతలు అడుగుతారు. ఇది ఫోన్లు బాగుచేసేవారిని అడగవలసిన ప్రశ్న గదా అని మీకు అనిపించవచ్చు. కాని ఇందులో వైద్యానికి సంబంధించిన సంగతులు చాలా ఉన్నాయి. పసిబిడ్డ ప్రాణానికి సంబంధించిన సంగతి కూడా ఒకటి ఉన్నది.

ముందుగా ఆ దీపం సంగతి చెప్పుకుందాం. మీ ఫోనులో ఉన్న తెల్లని దీపం నిజానికి నీలి దీపం. నీలి వెలుగునిచ్చే ఒక చిన్న రవ్వ మీద పసుపుపచ్చని పూత పూస్తారు. కొంత నీలం ఆ పూతలో పడి పసుపుగా మారుతుంది, కొంత నీలంగానే బయటికి వస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఈ నీలి దీపాన్ని తయారుచేయటం చాలాకాలం ఎవరికీ సాధ్యం కాలేదు. అది సాధించినందుకే జపానులో పుట్టిన ఆకాసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

కనుక ఫోనులో మీట నొక్కి ఆ దీపాన్ని ఎర్రగానో ఆకుపచ్చగానో మార్చటం మామూలుగా కుదరదు. కొన్ని ఫోన్లలో రెండు దీపాలుంటాయి, ఒకటి తెల్లనిది, ఒకటి కాస్త పసుపు ఛాయ కలది. ఐఫోన్ 5ఎస్‌లో 2013లోనే ఇటువంటి ఏర్పాటు వచ్చింది. అయితే అది ఫోటోలో ముఖం రంగు సహజంగా రావటానికి. రంగు మారుస్తామని చెప్పే యాప్‌లలో చాలావరకు ఫోను తెరను ఎర్రగానో నీలంగానో వెలిగిస్తాయి, వెనుక దీపం తెల్లగానే ఉంటుంది. నిజంగా దీపం రంగు మార్చాలంటే మిగిలిన మార్గం ఒకటే. మిఠాయి పొట్లాలకు చుట్టే రంగు సెల్లోఫేన్ కాగితం చిన్న ముక్క కత్తిరించి, ఆ దీపం మీద అడ్డుపెట్టటం. బంక పూసి కెమెరా అద్దం పాడుచేసుకోకండి. దీపం ఎక్కువసేపు వెలిగితే వేడెక్కుతుంది గనుక కాగితం పెట్టి, గుడ్డ చుట్టి, దిండు కింద దోపి ఉంచవద్దు.

ఇక ఏ రంగు దేనికి పనికివస్తుందో చూద్దాం.

మన కంటి వెనుక పొరలో చీకట్లో చూడటానికి ప్రత్యేకంగా కొన్ని కణాలున్నాయి. వాటిలో ఉండే వర్ణద్రవ్యం విటమిన్ 'ఏ' నుంచి తయారవుతుంది. ఆ విటమిన్ కొరవడినప్పుడు రేచీకటి రావటానికి కారణం ఇదే. వెలుతురులోనుంచి చీకట్లోకి వెళ్లినప్పుడు ఈ కణాలు పూర్తిగా సిద్ధం కావటానికి అరగంట దాకా పడుతుంది. ఒక్క క్షణం తెల్లని దీపం కంట్లో పడితే ఆ అరగంట శ్రమా వృథా. అయితే ముదురు ఎరుపు వెలుగును ఈ కణాలు పెద్దగా గుర్తించవు. అందుకనే రాత్రులు నక్షత్రాలను పరిశీలించేవారు ఎర్రని దీపం వాడతారు.

నిద్ర సంగతీ ఇటువంటిదే. చూపుతో నిమిత్తం లేకుండా, ఇది పగలు, ఇది రాత్రి అని మెదడుకు కబురు పంపే కణాలు కంటిలో మరికొన్ని ఉన్నాయి. ఇవి స్వయంగా వెలుగును గుర్తించగలవని 2002లో రుజువైంది. వీటిని ఎక్కువగా కదిలించేది నీలి వెలుగు. రాత్రి రెండింటికి తెల్లని దీపం ముఖాన పడితే మెదడు తెల్లవారిందనుకుంటుంది. నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోను తగ్గుతుంది. కనుక బిడ్డకు పాలివ్వటానికి లేచే తల్లికి, రెండుమూడుసార్లు మూత్రానికి లేచే పెద్దవారికి నారింజ రంగు కాగితం అడ్డుపెట్టిన మసక వెలుగు మంచిదే. కాని ఒక్క మాట. రంగు కన్నా ముఖ్యం వెలుగు తగ్గించటం. కొన్ని ఫోన్లలో దీపం తీవ్రతను తగ్గించుకునే వీలున్నది, ముందు అది చూడండి. దీపాన్ని కళ్లకేసి కాక నేలకేసి, గోడకేసి పట్టండి. అలాగని మరీ చీకటి చేసుకుని ముసలివారు స్నానాలగదిలో జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. నిద్ర చెడితే మరునాడు తీర్చుకోవచ్చును, తుంటి విరిగితే మంచాన పడవలసివస్తుంది.

రంగు వెలుగు చెప్పే అబద్ధాల సంగతి కూడా తెలుసుకోవాలి. ఎర్ర వెలుగులో తెల్లకాగితం మీది ఎర్ర అక్షరాలు కనిపించవు. తెల్లగుడ్డ మీది రక్తపు మరక మాయమైపోతుంది. రెండు రకాల మాత్రలు ఒకే రంగులో కనిపిస్తాయి. కనుక రాత్రిపూట మాత్ర వేసుకునేటప్పుడు, కంటిచుక్కలో చెవిచుక్కలో వేసేటప్పుడు, గాయం చూసేటప్పుడు రంగు కాగితం తీసివేయండి. పెరట్లోకో పొలంగట్టు మీదికో వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుని తెల్లని వెలుగునే అడుగుల ముందు పరుచుకుంటూ నడవండి. ఎర్రటి మసకలో కట్లపామూ తాడుముక్కా ఒకటిగానే కనిపిస్తాయి.

ఇక నీలం రంగు. ఈ వ్యాసం రాయాలని నాకు అనిపించింది దీని గురించే.

కిందటి వర్షాకాలంలో మా ఆస్పత్రికి ఆరు రోజుల మగబిడ్డను తీసుకువచ్చారు. నెలలు నిండి పుట్టిన బిడ్డే. మూడోరోజున తల్లీబిడ్డా ఇంటికి వెళ్లారు. నాలుగోరోజున ముఖం పచ్చబడినట్టు అమ్మమ్మ కనిపెట్టింది. ఇంట్లో చదువుకున్న కుర్రవాడొకడు ఫోను దీపానికి నీలి కాగితం అంటించి, ఉయ్యాలకు కట్టాడు. రెండు రాత్రులు అలా ఉంచారట. "మీ ఆస్పత్రిలో పెట్టేదీ నీలం లైటే కదండీ! వానలో పసిగుడ్డును తిప్పటం ఎందుకని ఇంట్లోనే పెట్టాం. ఆ లైటులో చూస్తే పచ్చదనం తగ్గినట్టే కనబడింది, హాయిగా నిద్రపోతున్నాడు కూడానూ" అన్నదావిడ.

పాఠకులు ఈ మాటలను జాగ్రత్తగా గమనించాలి. ఇందులో మూడు ప్రమాదాలున్నాయి. నీలి వెలుగులో పసుపు రంగు సరిగా తెలియదు, అందువల్ల తగ్గినట్టు కనిపించింది. హాయిగా నిద్రపోవటం అనుకున్నది నిద్ర కాదు, మత్తు. కామెర్లు ముదిరిన బిడ్డ పాలకు లేవడు. పాలు తాగకపోతే విరేచనం కాదు, పచ్చదనం కలిగించే పదార్థం ఒంట్లోనే నిలిచిపోయి కామెర్లు మరింత ముదురుతాయి. ఆ బిడ్డ అరికాళ్లు కూడా పచ్చగా ఉన్నాయి. రక్తపరీక్షలో బిలిరుబిన్ 22 మిల్లీగ్రాములు వచ్చింది. మరికొంచెం పెరిగితే బిడ్డ రక్తాన్ని కొద్దికొద్దిగా తీసి వేరే రక్తం ఎక్కించవలసి వచ్చేది. పైనా కిందా దీపాలు పెట్టి, గంటగంటకూ పరీక్షిస్తూ, తల్లిపాలు పిండి తాగించాం. రెండోరోజుకు 12కు దిగింది. వినికిడి పరీక్ష కూడా చేయించాం. బిడ్డ దక్కాడు, చెవులూ దక్కాయి.

అందరికీ ఈ అదృష్టం ఉండదు. బిలిరుబిన్ హద్దు మీరితే మెదడులోకి చేరుతుంది. అక్కడ జరిగిన నష్టాన్ని తిరిగి బాగుచేయటం వైద్యం చేతిలో లేదు. చెవుడు, మెడ నిలవకపోవటం, కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేకపోవటం వంటివి జీవితాంతం మిగిలిపోతాయి. సకాలంలో వస్తే దీపంతో నయమయ్యే జబ్బు వల్ల ఇంత నష్టం జరగటం ఎంత అన్యాయమో ఆలోచించండి.

"మరి మీ దీపం ఎలా పనిచేస్తుంది? మా దీపం ఎందుకు పనిచేయదు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ చికిత్స పుట్టుక ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో. సిస్టర్ వార్డ్ అనే నర్సు నెలలు తక్కువ బిడ్డలను ఎండవేళ ఆరుబయటకు తీసుకువెళ్లేది. 1956లో ఒకరోజు ఆమె ఒక బిడ్డను డాక్టర్లకు చూపించింది. ఒళ్లంతా పచ్చదనం తగ్గింది, దుప్పటి అంచు కప్పిన మేర మాత్రం పచ్చగా మిగిలిపోయింది. ఆ తరువాత కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయిన రక్తపు గొట్టంలో బిలిరుబిన్ తగ్గిపోవటం కూడా అక్కడివారు గమనించారు. 1958లో క్రెమర్ అనే డాక్టరు, ఆయన సహచరులు దీపాలతో చికిత్స చేసి ఫలితాలు ప్రకటించారు.

చర్మంలోని బిలిరుబిన్‌ను ఈ వెలుగు మరొక రూపంలోకి మారుస్తుంది. ఆ రూపంలో అది కాలేయం మీద భారం పడకుండా పైత్యరసంలోనూ మూత్రంలోనూ బయటికి పోతుంది. ఇందుకు ముఖ్యంగా 460 నుంచి 490 నానోమీటర్ల నీలి వెలుగు కావాలి. అది తగినంత తీవ్రతతో, శరీరంలో వీలైనంత ఎక్కువ భాగం మీద, గంటల తరబడి పడాలి. అందుకే బిడ్డ బట్టలు విప్పి, కళ్లకు గంతలు కట్టి, వెలుగు తీవ్రతను మీటరుతో కొలిచి, మధ్యమధ్య రక్తపరీక్ష చేస్తారు. ఫోను దీపం వెలుగే అంతంతమాత్రం. అందులో నీలి కాగితం సగం మింగేస్తుంది. మిగిలినది బట్టలో చుట్టిన బిడ్డ ముఖం మీద అరచేయంత మేర పడుతుంది, అదీ గంతలు కట్టని కళ్లలో. దీనివల్ల కామెర్లు తగ్గవు, ఆస్పత్రికి రావలసిన సమయం మాత్రం తరిగిపోతుంది. పొద్దుటి ఎండలో కాసేపు చూపించటం కూడా ఈ చికిత్సకు బదులు కాదు.

కాబట్టి పసిబిడ్డ ఉన్న ఇంటివారికి నేను చెప్పేదేమిటంటే, బిడ్డ రంగును పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూడండి. రాత్రి బల్బు వెలుగులో వద్దు, ఫోను వెలుగులో అసలే వద్దు. నుదురు మీదా, రొమ్ము మీదా వేలితో మెల్లగా నొక్కి వదిలితే అక్కడ పసుపు ఛాయ తెలుస్తుంది. చాలామంది బిడ్డలకు రెండు మూడు రోజులకు కొద్దిగా పచ్చదనం వచ్చి, ఒకటి రెండు వారాల్లో అదే పోతుంది. అయినా చర్మం చూసి ఇంత ఉన్నదని మేమే చెప్పలేం, రక్తపరీక్ష చేయవలసిందే.

పుట్టిన 24 గంటల లోపల పచ్చదనం కనిపించినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడివున్నా, కీచుగా ఏడ్చినా, వెనక్కు విల్లులా వంగినా, జ్వరం వచ్చినా ఆ గంటలోనే బయలుదేరండి. అర్ధరాత్రి అయినా సరే, 108కి ఫోను చేయండి. తల్లి రక్తం నెగటివ్ గ్రూపు అయితే, నెలలు తక్కువ బిడ్డ అయితే, పై బిడ్డకు కామెర్లకు దీపం పెట్టి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోయినా, విరేచనం సున్నంలా తెల్లగా ఉన్నా చూపించి తీరాలి. పైత్యనాళాలు మూసుకుపోయిన బిడ్డకు ఆపరేషను రెండు నెలల లోపల జరిగితేనే మంచి ఫలితం ఉంటుంది. ఆకుపసరులు పోయకండి. కలరా ఉండలు వేసి దాచిన పాతబట్టలు పసిబిడ్డకు తొడగకండి, కొందరు బిడ్డల్లో ఆ వాసనకే రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు ముదురుతాయి. తల్లిపాలు మానకండి, మత్తుగా ఉంటే లేపి పట్టండి.

ఇంకొక చిన్న సంగతి. ఫోను దీపాన్ని ఆటకోసం పిల్లల కళ్లలోకి వేయవద్దు. అయితే ఫ్లాషుతో తీసిన ఫోటోలో ఒక కంటి పాప ఎర్రగా మెరిసి, రెండోది పదేపదే తెల్లగా మెరుస్తున్నట్లయితే కంటి డాక్టరుకు వెంటనే చూపించండి. అది కంటిలో కణితికి మొదటి గుర్తు కావచ్చు. త్వరగా తెలిస్తే బిడ్డ ప్రాణాన్ని, చాలాసార్లు చూపునూ కాపాడవచ్చు.

కనుక రంగు కాగితం కావాలంటే నారింజ రంగుది ఒక ముక్క మంచం పక్కన పెట్టుకోండి, రాత్రి దారి చూసుకోవటానికి పనికివస్తుంది. నీలి కాగితాన్ని పండుగ అలంకరణకు వాడుకోండి. బిడ్డ పచ్చగా కనిపించిన రోజున మాత్రం ఆ ఫోనును దీపంగా వాడకండి. దానితో ఆస్పత్రికి ఫోను చేయండి.