నాణేనికి నప్పే ఆల్బం

హుస్నాబాద్‌లో నాణేలు కూడబెట్టే ఓ విశ్రాంత ఉపాధ్యాయుడి ఇంటికి మేం వెళ్లేసరికి బల్ల నిండా ఆల్బంలు పరిచి ఉన్నాయి. పాతదొకటి వేరుగా పెట్టారు. దాని కవర్లు చేతికి జిడ్డుగా తగిలాయి, లోపలున్న నిజాం కాలపు రాగి నాణేల మీద పచ్చటి జిగురు పేరుకుంది.

"పైసల తప్పు లేదు సార్, కవరే తినేసింది," అన్నారాయన.

ఆ కవర్ పీవీసీ. దాన్ని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది, ప్లాస్టిక్ క్షీణిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. రాగి ముందు దెబ్బతింటుంది. నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయికీ క్షేమం లేదు: అందులో వెండి 81.8 శాతమే.

కొత్త కవర్ కొంటే ఆయన పెరట్లో పరీక్షిస్తారు. రాగి తీగను ఎర్రగా కాల్చి, కవర్ ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెడతారు. మంట పచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే. ఆ పొగ పీల్చకూడదు, అందుకే ఆరుబయట. పాలిప్రొపిలీన్, మైలార్ ముక్కలకు మంట రంగు మారలేదు.

తర్వాత చూడాల్సింది అర కొలత. నిజాం రూపాయి వెడల్పు సుమారు 30 మిల్లీమీటర్లు, నేటి పది రూపాయల బిళ్ల 27. వదులు అరలో నాణెం కదిలి గీతలు పడుతుంది.

ఈ ప్రాంతంలో నాణేలు దాచేవాళ్లకు అసలు పరీక్ష సీసం. పాత కరీంనగర్ జిల్లాలోని కోటిలింగాల, పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి, వాళ్లు సీసంతోనూ నాణేలు పోశారు. చెక్క పెట్టె, నాసిరకం అట్ట విడిచే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. ముచ్చటైన టేకు పెట్టె దానికి శత్రువే. అలాంటి నాణేలు ఈ ఇంట్లో లేవు; ఎక్కడైనా దొరికితే చెప్పాల్సిందే. భూమిలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువగల నిధి గురించి కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

చింతపండుతో తోమడం ఆయన ఇంట్లో నిషేధం. తోమిన నాణెం మెరుస్తుంది గానీ సహజమైన పొర, దానితోపాటు ధరా పోతాయి. ఇప్పుడు ఆల్బంలన్నీ ఇనుప బీరువాలో నిలువుగా నిలబెట్టారు, పక్కన సిలికా జెల్ పొట్లాలు. వానాకాలంలో వాటిని తరచూ మారుస్తారు.