కవచం ఎక్కడ పలచన



పోయిన వేసవిలో మా వీబీఎస్ పిల్లల్ని రెండు వ్యాన్లలో ఎక్కించుకుని విశాఖ బీచ్‌కి తీసుకెళ్లాం. ఆ ఏడు పాఠం ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం, సర్వాంగ కవచం. అట్టపెట్టెలు కోసి, వెండిరంగు కాగితం అంటించి పిల్లలకి శిరస్త్రాణాలు, డాళ్లు చేశాం. అవన్నీ తగిలించుకుని కురుసుర సబ్‌మెరైన్ ముందు వరసగా నిలబడితే బీచ్‌లో జనం ఆగి ఫొటోలు తీశారు.

కురుసుర 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది. 2001లో రిటైరైంది, మరుసటి ఏడాది ఆర్కే బీచ్ ఇసుక మీద మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం పక్కకి తిరగాలంటే కడుపు లోపలికి పీల్చుకోవాలి. ఆ సందుల్లో 75 మంది బతికేవారట. బయటికి రాగానే మా పిల్లల్లో ఒకడు నన్నడిగాడు: "అయ్యగారూ, లోకంలో అన్నిటికన్నా బలమైన యుద్ధ ఓడ ఏది?"

నాకు తెలియదు. సెమినరీలో అది చెప్పలేదు. మా వెంట వచ్చిన సంఘ పెద్ద ఒకాయన డాక్‌యార్డులో ముప్పై ఏళ్లకు పైగా ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన నవ్వి అన్నారు: "బలమైన ఓడంటూ లేదు నాన్నా. పెద్ద తుపాకులు పెడితే బరువు. రేకు మందం చేస్తే బరువు. జోరుగా పరిగెత్తాలంటే ఇంజన్లు పెద్దవి కావాల, అదీ బరువే. ఒకటి పెంచితే ఇంకోటి కొయ్యాల. ఎక్కడ కోశాడో చూడాల మనం."

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక రాత్రిళ్లు రెండో ప్రపంచ యుద్ధం నాటి పెద్ద యుద్ధనౌకల గురించి చదవడం మొదలుపెట్టాను. ఆదివారం ప్రసంగానికి ఇంత శ్రద్ధ ఎప్పుడైనా పెట్టారా అని అమ్మగారు మందలించారు కూడా. చదివిన కొద్దీ ఆ పెద్దాయన మాటే నిజమైంది.

బ్రిటిష్ వారి హుడ్‌నే తీసుకోండి. 1920లో సేవలో చేరింది. 15 అంగుళాల తుపాకులు ఎనిమిది. గంటకు 31 నాటికల్ మైళ్ల వేగం. ఇరవై ఏళ్లు ఆ దేశానికి అదే గర్వం. పక్కగోడలకు 12 అంగుళాల ఉక్కు వేశారు. పైన డెక్‌కి మాత్రం చాలాచోట్ల 3 అంగుళాలకు మించలేదు. ఆ నమూనా మొదలుపెట్టిన కాలంలో ఓడలు కాస్త దగ్గర నుంచే కాల్చుకునేవి, గుండు పక్క నుంచి వచ్చేది. తర్వాత తుపాకుల దూరం పెరిగింది. దూరం నుంచి కాల్చిన గుండు ఆకాశంలోకి లేచి నెత్తిన పడుతుంది. ఈ సంగతి వారికి తెలియక కాదు. పెద్ద మరమ్మతు చేయాలని అనుకున్నారు. యుద్ధం వచ్చింది, ఓడ లేకపోతే జరగదు, వాయిదా పడింది. 1941 మే 24న బిస్మార్క్ కాల్చిన గుండుకు హుడ్ మందుగుండు గది పేలి, ఓడ నిమిషాల్లో మునిగిపోయింది. 1,418 మందిలో ముగ్గురు మిగిలారు. గుండు సరిగ్గా ఎటునుంచి దూరిందో తెలిసినవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ముగ్గురు అన్న అంకె దగ్గర నేను ఆ రాత్రి పుస్తకం మూసేశాను.

ఇక ఆ బిస్మార్క్. జర్మనీ వారు దాని బరువులో సుమారు 40 శాతం కవచానికే ఖర్చు పెట్టారు. హుడ్ మునిగిన మూడో రోజుకే దాని కథా ముగిసింది. దాన్ని పట్టించింది గుడ్డ కప్పిన రెక్కల పాతకాలపు స్వోర్డ్‌ఫిష్ విమానం. అది వేసిన టార్పెడో చుక్కాని దగ్గర తగిలింది. చుక్కాని బిగుసుకుపోయి, అంత పెద్ద ఓడ సముద్రం మీద గుండ్రంగా తిరగసాగింది. ఇది చెప్పగానే మా పెద్దాయన అన్నారు: "చుక్కానికి రేకెలా వేస్తారయ్యగారూ? అది తిరగాల గదా."

అమెరికావాళ్లు మొదటి యుద్ధానికి ముందే, నెవాడా అనే ఓడతో మొదలుపెట్టి, ఇంకో దారి పట్టారు. మందుగుండు, ఇంజన్లు, తుపాకులు, ఇలా ప్రాణం ఉన్నచోట ఉన్నంత ఉక్కూ వేసి, మిగతా చోట్ల దాదాపు ఏమీ వేయకుండా వదిలేశారు. పోతే పోనీ అని. నాకు ఇది నచ్చింది. అన్నిటికన్నా ముందు హృదయాన్ని కాచుకోమన్న సామెతలు నాలుగో అధ్యాయం గుర్తొచ్చింది. అయితే ఇందులో ఒక కష్టం ఉంది. ఏది వదిలేయాలో ముందే ఒప్పుకోవాలి.

అందరికన్నా పెద్దది జపాన్ యమాటో. 46 సెంటీమీటర్ల తుపాకులు తొమ్మిది. పక్క కవచమే 41 సెంటీమీటర్ల మందం. 1943 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, స్కేట్ అనే అమెరికా సబ్‌మెరైన్ వేసిన టార్పెడో దానికి తగిలింది. ఓడ మునగలేదు గానీ వేల టన్నుల నీరు లోపలికి వచ్చింది. విప్పి చూస్తే పై కవచాన్ని, కింది కవచాన్ని కలిపే అతుకు లొంగిపోయింది. రేకు మందంలో తప్పు లేదు, అతుకులోనే ఉంది. 1945 ఏప్రిల్ 7న విమానాల దెబ్బకి ఆ ఓడ వేలమందితో మునిగిపోయింది.

అహాబు రాజు గుర్తొస్తున్నాడా? మొదటి రాజుల గ్రంథం 22వ అధ్యాయం. రామోత్గిలాదు యుద్ధంలో మారువేషం వేసుకున్నాడు, కవచం తొడుక్కున్నాడు. ఎవడో ఒకడు గురి చూడకుండా వదిలిన బాణం సరిగ్గా కవచపు అతుకులో దిగింది. ఈ భాగం మీద కనీసం పదిసార్లు ప్రసంగించి ఉంటాను. దేవుని తీర్పు తప్పదు అని చెప్పి ముగించేవాణ్ణి. అతుకు గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

ఈ లెక్కలు ఎక్కడో దూరదేశాల సంగతి అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటికి సింధియా షిప్‌యార్డు కట్టుబడి మొదలై ఏడాది కూడా కాలేదు. ఊరు ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని పల్లెలకు పారిపోయింది. మా నాయనమ్మ చిన్నపిల్లగా ఆ గుంపులో నడిచిందట, చంకలో కోడితో సహా. మరి ఆ రోజుల్లో హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ వారికి పెద్ద ఓడలు లేవా? ఉన్నాయి. రెజల్యూషన్, రామిలీస్, రాయల్ సావరిన్, రివెంజ్. నాలుగింటి మీద కలిపి 15 అంగుళాల తుపాకులు 32. కానీ మొదటి యుద్ధం నాటి ఓడలవి. గంటకు 20 మైళ్లు పోవడమే గగనం, డెక్ పలచన, చమురూ మంచినీళ్లూ తొందరగా అయిపోయేవి. జపాన్ విమానాలకి ఆహారమవుతాయని అడ్మిరల్ సోమర్‌విల్ చివరికి వాటిని ఆఫ్రికా తీరానికి పంపేశాడు. తుపాకులున్నాయి, రాలేకపోయాయి. ఆయన పిరికివాడని కొందరంటారు. నేననను.

దీనికి ఎదురుగా మన విక్రాంత్. 1971లో దాని బాయిలర్‌లో పగుళ్లు. పూర్తి వేగం అందుకోలేదు. మనవాళ్లు ఆ లోపాన్ని దాచుకోలేదు, దానికి తగ్గట్టే పని పెట్టారు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ దానికోసం వెతుక్కుంటూ విశాఖ ముంగిటికి వచ్చేసరికి విక్రాంత్ ఇక్కడ లేదు, అండమాన్ వైపు ఉంది. డిసెంబరు 4న దాని విమానాలు కాక్స్‌బజార్ మీద దాడి చేశాయి. ఘాజీ మాత్రం లోపలివాళ్లందరితో మన రేవు బయటే మునిగి, ఇప్పటికీ అక్కడే ఉంది. బీచ్‌కి వెళ్లినప్పుడు వాళ్ల తల్లుల కోసం కూడా ప్రార్థిస్తాను. తప్పనిపిస్తే క్షమించండి.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. నేను ఇంతసేపు ఓడల వెనక దాక్కున్నానని మా సంఘస్తులకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మా సంఘంలో కీబోర్డు వాయించే కుర్రవాడు ఉండేవాడు. వరసగా ఐదు ఆదివారాలు రాలేదు. ఆరో ఆదివారం ఆలస్యంగా వచ్చి వెనక కూర్చున్నాడు. నేను ప్రసంగం ఆపి, పేరు పెట్టలేదు గానీ, అందరికీ తెలిసేలా అన్నాను: లోకం పిలిస్తే పరిగెత్తేవాళ్లకి దేవుని మందిరం గుర్తుండదని. ఇంకా కొన్ని అన్నాను, ఇక్కడ రాయలేను. అతను తల దించుకుని లేచి వెళ్లిపోయాడు. వాళ్ల నాన్న ఆసుపత్రి అప్పు తీర్చడానికి సిటీలో కాంట్రాక్టు పనికి కుదిరాడనీ, శనివారం రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేకుండా నేరుగా గుడికి వచ్చాడనీ నాకు రెండు వారాల తర్వాత తెలిసింది.

వెళ్లి మాట్లాడాలనుకున్నాను. ఈస్టర్ వచ్చింది, తర్వాత వీబీఎస్, తర్వాత స్లాబు పని. ఎనిమిది నెలలు.

హుడ్ సంగతి మా పెద్దాయనకి చెప్పిన రోజు ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఆ పిల్లోడు కూడా అంతే అయ్యగారూ. తాగుడుకీ స్నేహాలకీ పక్కల గట్టిగా రేకేసుకున్నాడు. మీ దగ్గర్నుంచి వస్తాదనుకోలేదు. పైనుంచి పడింది."

మా వేదిక నేల నుంచి మూడు మెట్లు ఎత్తు. యాకోబు తన పత్రికలో నాలుకని ఓడ చుక్కానితో పోల్చాడు. పిల్లలకి అట్టకవచాలు చేసిన రోజున కత్తి అంటే వాక్యం అని నేర్పించాను. ఆ కత్తి ఎవరి మీద దూశానో ఒక్కసారీ చెప్పుకోలేదు.

పోయిన గురువారం గాజువాక దగ్గర అతనుండే గదికి వెళ్లాను. అతను డ్యూటీలో ఉన్నాడు. వాళ్లమ్మ వచ్చి ఉంది. నన్ను చూసి గాబరాపడి కుర్చీ తుడిచింది, టీ పెట్టింది. క్షమించమని ఆమెను అడిగాను. "మీరలా అనకూడదయ్యగారూ" అంది గానీ, అన్నది తప్పు కాదని మాత్రం అనలేదు. అతని నంబరు తీసుకున్నాను. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. మూడోసారి చేయకుండా, క్షమించు అని ఒక్క మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి, జవాబు రాలేదు.

బుధవారం అతనికి సెలవని వాళ్లమ్మ చెప్పింది. మళ్లీ వెళ్తున్నాను. పెద్దాయన వెంట వస్తానన్నారు, వద్దన్నాను. ఆ రోజు కోసం ప్రార్థించండి.